ఫ్రేముకు రెండు మేకులు

నేను పుట్టుకతోనే భయస్తుణ్ణి. ఫోన్ మోగితే ముందు గుండె దడదడలాడుతుంది, ఆ తర్వాతే చెయ్యి ఫోన్ దగ్గరికి పోతుంది. అలాంటి నేను, ముక్కూమొహం తెలియనివాళ్ళు తీసిన ఫోటోలను ముక్కూమొహం తెలియనివాళ్ళకు ఇంటర్నెట్‌లో అమ్మే పని నెత్తికెత్తుకున్నాను. "మీకు దిగులుపడటానికి రోజూ ఏదో ఒకటి ఉండాలి. ఇక కరువు లేదు," అంది మా ఆవిడ, సైటు మొదలుపెట్టిన రోజే.

నరసరావుపేటలో మాది ఫోటో ఫ్రేముల కొట్టు. మా నాన్న పెట్టింది. దేవుడి పటాలు, పెళ్ళి ఫోటోలు కూడా కట్టేవాళ్ళం గానీ, మాకు అన్నం పెట్టింది మాత్రం పోయినవాళ్ళ ఫోటోలే. ఆధార్ కార్డులోని బొమ్మో, ఎవరి పెళ్ళిలోనో మూల నిలబడి ఉన్న బొమ్మో తెచ్చి, "పెద్దది జేసి అద్దం బిగించయ్యా, పెద్దదినానికి కావాల," అనేవాళ్ళు. మా పల్లెల్లో ఒక మనిషి ఫోటో పెద్దది చేసి గోడకెక్కించారంటే ఆ మనిషి లేనట్టే లెక్క. బతికున్నవాళ్ళు ఆల్బంలో ఉంటారు, బీరువా తలుపుకు లోపలివైపు ఉంటారు, ఇప్పుడైతే ఫోన్లో ఉంటారు. గోడ పోయినవాళ్ళది.

అందుకే ఫ్రేము కట్టడం అయ్యాక మా నాన్న చివరగా ఒక పని చేసేవాడు. పైఅంచున రెండు మూలలా రెండు చిన్న మేకులు కొట్టేవాడు, దండ తగిలించుకోవడానికి. మనం కొట్టకపోతే జనం ఇంటికెళ్ళి పెద్ద మేకులు దిగ్గొట్టి చెక్క పగలగొట్టుకుంటారు అనేవాడు. ఎవరూ అడగక్కర్లేదు, ఎవరికీ చెప్పక్కర్లేదు. ఆయన తర్వాత నా చేతికీ అదే అలవాటైపోయింది. నేను ఏ ఆలోచనలో ఉన్నా సరే, ఆ రెండు మేకులూ నా చెయ్యే కొట్టేస్తుంది.

ఫోన్లొచ్చి ఫ్రేముల బేరం పడిపోయాక, కొట్లో ఈగలు తోలుకుంటున్న రోజుల్లో ఒక లారీ డ్రైవర్ వచ్చి తన ఫోన్లోని బొమ్మ ఒకటి ప్రింటు తీయమన్నాడు. పిడుగురాళ్ళ సున్నపు బట్టీల మీద తెల్లవారే పొగ, ఆ పొగలోంచి నడిచొస్తున్న నలుగురు ఆడకూలీలు. నేను పని ఆపి చూస్తూ ఉండిపోయాను. ఇంత మంచి ఫోటో ఇతని ఫోన్లోనే పడి ఉండాలా అనిపించి బాధేసింది. ఆ బాధలోంచే ఈ ఆన్‌లైన్ గ్యాలరీ పుట్టింది. మా బావమరిది సైటు తయారుచేసి పెట్టాడు. ఫోటోలు తీయడం వృత్తి కాని ఎవరైనా ఫోటో పంపొచ్చు. నాకు నచ్చితే సైటులో పెడతాను. ఎవరైనా కొంటే మంచి కాగితం మీద మా కొట్లోనే ప్రింటు తీసి, గొట్టంలో చుట్టి పార్శిల్ చేస్తాను. ఫ్రేము కట్టను. వచ్చినదాంట్లో సగం ఫోటో తీసినవాళ్ళకు పంపుతాను.

చెప్పడానికి ఇంతే. దీని వెనక నేను పడే దడ మాత్రం ఎవరికీ చెప్పుకోలేను. ఫోన్లో కనపడిన ఎరుపు ప్రింటులో లేదని విశాఖపట్నం నుంచి ఒకాయన. గొట్టం మధ్యకు నలిగిపోయి వచ్చిందని హైదరాబాదు నుంచి ఒకావిడ. వీళ్ళైనా నయం. మాచర్ల నుంచి ఒక ఇల్లాలు ఏడాదిగా నీళ్ళ బిందెల ఫోటోలు పంపుతోంది, ఒక్కటీ అమ్ముడుపోలేదు. "ఎవరన్నా చూశారా అన్నా?" అని వారంవారం మెసేజ్ పెడుతుంది. చూశారని చెప్పాలో, చూసి పోయారని చెప్పాలో తెలియక ఆ మెసేజ్ తెరవడానికే భయపడతాను.

ఇక అసలు సంగతి. నరసరావుపేట నుంచి రాజుపాలెం వైపు తిరిగే పల్లె బస్సులో ఒక కండక్టరమ్మ ఉంది. నాకంటే ఐదారేళ్ళు పెద్దది, నేను అక్కా అంటాను. టిక్కెట్టు తీసుకోకుండా దిగబోయేవాణ్ణి చొక్కా పట్టుకుని వెనక్కి లాగే మనిషి. బస్సు ఆగినచోటల్లా ఫోన్‌తో ఫోటోలు తీస్తుంది. ఒకరోజు ఆమె పంపిన ఫోటో చూసి నేను మా ఆవిణ్ణి కేకేసి పిలిచాను. పత్తి తీతకు పోయొచ్చిన కూలీలు బస్సు కోసం రోడ్డు పక్కన కూర్చుని ఉన్నారు. మధ్యలో ఒక అవ్వ. తలంతా పత్తి పింజలు. నోట్లో రెండే పళ్ళు. పక్కనామె ఏదో అన్నట్టుంది, కళ్ళు మూతలు పడేంతగా నవ్వుతోంది. చూసేవాళ్ళక్కూడా నవ్వొచ్చే నవ్వు.

ఫోటో పంపేవాళ్ళు నింపాల్సిన ఫారంలో చివర ఒక ఖాళీ ఉంటుంది, ‘ఇంకేమైనా చెప్పాలా?’ అని. అందులో కండక్టరక్క రాసింది: "అవ్వకు మాటిచ్చాను. ఆమె బతికి ఉండగా ఈ ఫోటోకు అద్దం పెట్టి దండ వేయకూడదు."

నేను నవ్వుకుని ఫోన్ చేశాను. "అక్కా, బెంగుళూరోళ్ళు హాల్లో పెట్టుకునే ఫోటోకి దండెందుకేస్తారు?"

"నువ్వు నవ్వమాక తమ్ముడూ. ఆ ముసల్దానికి అదొక్కటే బయ్యం," అంది. "వయసులో ఉన్నప్పుడు మొగుడూ పెళ్ళాం తిరణాల్లో ఫోటో దిగి, ముచ్చటపడి పెద్దది జేయించి గోడకి పెట్టుకున్నారంట. ఏడు తిరక్కుండా ఆయన పొయ్యాడు. ఇంగ ఆ ఫోటోకే దండెయ్యాల్సొచ్చింది. సగానికి ఎట్టా ఏస్తారు? ఏసిన దండ ఇద్దరి మీదా పడింది. అప్పట్నించీ పెద్ద ఫోటో అంటే వణుకుద్ది. నేను ఒట్టేసినాకే నీకు పంపనిచ్చింది."

సరే అక్కా, నాదీ పూచీ అన్నాను. ఆ మాట ఫారంలో అలాగే ఉంది. కొనేవాళ్ళకు ఆ ఖాళీ కనపడదు. నాకూ మళ్ళీ కనపడలేదు.

ఆ ఫోటోను బెంగుళూరు వాళ్ళు ఇద్దరు కొన్నారు, హైదరాబాదులో ఒకరు కొన్నారు. ఆ తర్వాత, సైటు పెట్టినప్పట్నుంచి ఎన్నడూ జరగనిది జరిగింది. మా ఊరి మనిషే కొనడానికి వచ్చాడు. ఆసుపత్రి వీధిలో పత్తి విత్తనాలు, పురుగుమందులు అమ్మే శెట్టిగారు. ఎవరో ఫోన్లో చూపించారట. "ఈ పెద్దమ్మ నవ్వు సూత్తంటే లచ్చిందేవి ఇంట్లోకొచ్చినట్టుందయ్యా. మా కొట్లో పెట్టుకుంటా. గొట్టం గిట్టం నాకొద్దు. మీ నాయన గట్టినట్టు గట్టి, దుమ్ము పడకుండా అద్దం బిగించియ్యి," అన్నాడు. కొత్తగా కడుతున్న గోడౌన్లోకి ఇంకో ఆరు ఫోటోలు కూడా కావాలన్నాడు.

నాకు కాళ్ళు నేల మీద ఆనలేదు. సొంత ఊళ్ళో మొదటి గిరాకీ. అద్దం బిగించమంటే బిగించనని ఎలా అంటాను? ఆ మధ్యాహ్నమే ఫ్రేము కట్టడానికి కూర్చున్నాను. అదే సమయానికి హైదరాబాదావిడ, నలిగిన గొట్టం ఆవిడ, డబ్బు వెనక్కి ఇవ్వకపోతే సైటు కింద నలుగురికీ తెలిసేలా రాస్తానని మెసేజ్ పెట్టింది. ఆవిడకు ఏం జవాబివ్వాలా అని బుర్ర బద్దలుకొట్టుకుంటూ చెక్క కోశాను, అద్దం తుడిచాను, వెనక అట్ట బిగించాను. శెట్టిగారి మనిషి వచ్చి పట్టుకుపోయాడు.

మూడు వారాలు గడిచాయి. ఒక శనివారం పొద్దున కొరియర్ ఆఫీసుకు పోతూ ఆసుపత్రి వీధిలోకి తిరిగాను. శెట్టిగారి కొట్టు ముందు మనుషులు గుమిగూడి ఉన్నారు. ఆ కొట్టు అరుగు ఎప్పుడూ అంతే. ఎదురుగా ఆసుపత్రి గేటు. పల్లెల నుంచి వచ్చినవాళ్ళు చీటీ పిలిచేదాకా ఆ అరుగు మీదే కూర్చుంటారు. నా ఫోటో ఎలా ఉందో చూద్దామని, కొంచెం గర్వంగానే, లోపలికి తొంగిచూశాను.

గల్లాపెట్టె వెనక గోడకు నాలుగు ఫ్రేములు. శెట్టిగారి తాత, నాయన, తల్లి. నాలుగోది అవ్వ. నలుగురికీ చామంతి దండలు. నలుగురి నుదుటా గంధం బొట్లు. కింద నాలుగు అగరువత్తులు వెలుగుతున్నాయి. దండ పడిపోకుండా ఫ్రేము పైన రెండు మూలలా రెండు మేకులు పట్టుకుని ఉన్నాయి. ఆ మేకులు నావే.

ఓరి నాయనో అనుకున్నాను. కొట్టినట్టు గుర్తేలేదు. కానీ ఇంకెవరు కొడతారు? శెట్టిగారు నన్ను చూసి, "రావయ్యా! మేకులు గూడా నువ్వే గొట్టి పంపావు, మంచి పని జేశావ్. ఎవరో పెద్దమ్మ పొయ్యి మాయింట ఎలిసింది," అని పురుగుమందుల కోసం వచ్చిన రైతులకు నన్ను పరిచయం చేశాడు. నేను నోరు తెరిచాను. ఆమె బతికే ఉందండీ అనాలి. ఆ ఒక్క మాట. మరెందుకు మేకులు కొట్టావురా అంటాడు, నలుగురిలో నవ్వులపాలవుతాను, ఆరు ఫోటోల బేరం పోతుంది. నోరు మూసుకున్నాను. తర్వాత మెల్లగా చెప్పొచ్చులే అనుకుని వచ్చేశాను. నా బతుకంతా ఈ ‘తర్వాత మెల్లగా’ అన్న మాటే తగలెట్టింది.

సాయంత్రం కండక్టరక్క ఫోన్ చేసింది. "తమ్ముడూ, అవ్వ ఒప్పుకుంది!"

"దేనికక్కా?"

"ఆపరేషన్‌కి. కడుపులో గడ్డుందని నెల కిందట జెప్పారు. తీయకపోతే ముదురుద్దన్నారు. ఆసుపత్రికి పోతే గోడకెక్కుతానని ఏడ్చింది నెలంతా. నేనూ ఆమె కూతురూ కాళ్ళు పట్టుకున్నంత పని జేశాం. సోమవారం పొద్దున్నే పరగడుపున తీసకరమ్మన్నారు, మజ్జానం ఆపరేషన్. నేను లీవు పెట్టా."

"ఏ ఆసుపత్రి అక్కా?" అన్నాను. నాకు ముందే తెలిసిపోయింది.

"అదే, పురుగుమందుల సెట్టి కొట్టుకి ఎదురుగా ఉన్నది."

అవ్వ ఆ అరుగు మీద కూర్చుంటుంది. తల తిప్పితే తన ఫోటో, దండ, అగరువత్తి. చూసిందంటే ఆపరేషన్ లేదు, ఏమీ లేదు. నెలపాటు కాళ్ళూగడ్డాలూ పట్టుకుని తెచ్చిన మనిషి వెనక్కి తిరిగి బస్సెక్కుతుంది. గడ్డ కడుపులోనే ఉంటుంది. అది ముదిరితే, ఆ దండ నిజమవుతుంది. వేసింది శెట్టిగారు కాదు, నేను.

శెట్టిగారికి ఫోన్ చేశాను. కొట్టు కట్టేసి మాచర్లలో పెళ్ళికి పోయాడు. డప్పుల మోతలో, "ఆ ఫోటో గురించండీ," అన్నాను. "బెమ్మాండంగుందయ్యా! సోమారం వత్తా, మాట్లాడుకుందాం," అని పెట్టేశాడు. మళ్ళీ చేస్తే ఎత్తలేదు. ఆదివారం కొట్టు మూత. అయినా రెండుసార్లు పోయి, దించి ఉన్న షట్టరును చూసి వచ్చాను. కండక్టరక్కకు నిజం చెప్పేద్దామని నంబరు నొక్కి, మోగకముందే ఆపేశాను.

మా ఆవిడకు మాత్రం చెప్పాను. ఈసారి వెటకారం చెయ్యలేదు. అది ఇంకా భయమేసింది. "ఆమె వచ్చేలోపు పోయి దండ తీసెయ్యండి. తర్వాత వాళ్ళిద్దరి కాళ్ళ మీదా పడదాం," అంది.

సోమవారం ఏడు గంటలకే ఆ అరుగు మీద కూర్చున్నాను. ఏడున్నరకు ముసలి గుమాస్తా వచ్చి షట్టరు ఎత్తాడు. నీళ్ళు చల్లాడు, పూల బండి దగ్గరికి పోయి నాలుగు దండలు తెచ్చాడు. నేను వెంటపడ్డాను.

"బాబాయ్, ఆ నాలుగోదానికి ఏయమాక."

"ఏం?"

"ఏయమాక. దణ్ణం పెడతా."

"సెట్టిగారు నాలుగు తెమ్మన్నాడు. మూడేస్తే నన్నంటాడు, నిన్నంటాడా?" అంటూనే స్టూలెక్కి నాలుగూ వేసేశాడు. మనిషి ముసలివాడే గానీ చెయ్యి చురుకు.

"ఆమె బతికే ఉంది బాబాయ్!" అని అరిచాను.

ఆయన స్టూలు మీదనే ఆగిపోయి నన్ను కిందికి చూశాడు. "బతికున్న మనిసికి మేకులెవుడు గొట్టాడయ్యా?"

"నేనే."

ఒక బూతు మాట అనబోయి మింగి, స్టూలు దిగి పక్కకు జరిగాడు. నేను ఎక్కాను. ఒక మూల దండ ఊడొచ్చింది. రెండో మూల దారం మేకుకు చిక్కుపడింది. లాగితే ఫ్రేము ఊగుతోంది. దండ ఒంటిమేకు మీద వేలాడుతోంది. అప్పుడు వీధిలో ఆటో ఆగింది.

"తమ్ముడూ, నువ్వేంది ఇక్కడ?"

కండక్టరక్క గొంతు. నేను తిరిగి చూడలేదు. కనీసం నా ఒంటితో ఫోటోను కప్పుదామని చూశాను. నా ఒళ్ళెంత, ఫ్రేమెంత. తర్వాత ఒక సన్నని గొంతు, "ఏమే, అది నేనే గదా?" అంది.

స్టూలు దిగాను. అవ్వ అరుగు ముందు నిలబడి ఉంది. ఫోటోలో ఉన్నంత పెద్ద మనిషి కాదు, నా భుజం దాకా కూడా రాదు. తల నున్నగా దువ్వి, ఉతికిన చీర కట్టించి తెచ్చారు. వెనక కూతురు సంచి పట్టుకుని ఉంది. కండక్టరక్క నన్ను చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేదు.

"నేన్నీకేం జెప్పా? నీ ఫారంలో ఏం రాశా?" అంది.

"తప్పు నాదే అక్కా. శెట్టిగారికి తెలవదు. మేకులు నేనే కొట్టా. చేతి అలవాటు..." ఆ మాట అంటుంటేనే నాకే సిగ్గేసింది. అలవాటట.

అవ్వ అరుగు మీద కూలబడింది. "పోదాం పావే. ఇంగ కొయ్యించుకునేదేంది, ఈళ్ళు ముందే సాగనంపారుగా," అని కూతురి చెయ్యి పట్టుకుంది. కూతురు ఏడవడం మొదలుపెట్టింది. ఎదురుగా ఆసుపత్రి గేటు తీసే ఉంది, లోపల నర్సు పేర్లు పిలుస్తోంది. నేను అవ్వ ముందు గొంతుక్కూర్చుని ఏవేవో చెప్పాను. ఏం చెప్పానో గుర్తులేదు. ఆమె వినలేదు.

అప్పుడు గుమాస్తా, ఎవరూ అడగకుండానే, తనలో తాను గొణుక్కున్నట్టు అన్నాడు: "ఇరై రోజుల్నించీ నేనే ఏస్తన్నా. రోజూ ఈ సేత్తోనే."

అవ్వ తలెత్తింది. "ఎన్నాళ్ళూ?"

"ఇరై రోజులమ్మా. ఆదివారాలు మినహా."

అవ్వ ఆయన్ను చూసింది, ఫోటోను చూసింది. పెదాలు కదిలాయి, ఏదో లెక్క చూసుకుంటోంది. "ఈ ఇరై రోజులూ నేను పత్తికి పొయ్యా," అంది మెల్లగా. "నొప్పున్నా పొయ్యా. ఒక్క పూటా మానలా."

కూతురి చెయ్యి వదిలేసింది.

"అయితే నీ దండకి నేను సావలా," అంది గుమాస్తాతో.

"సావలా గదమ్మా మరి. ఎదురుగా గూసోని నన్ను తిడతన్నావుగా," అన్నాడు ఆయన.

"తిట్టలా ఇంకా," అంది అవ్వ. అని నా వైపు తిరిగింది. "అబ్బాయ్, ఆ మేకులు పీకు."

గుమాస్తా పట్టకారు ఇచ్చాడు. ఫ్రేము దించి, దండ తెంపి, గంధం తుడిచి, మేకులు రెండూ పీకాను. ఒకటి వంకర పోయింది. అవ్వ చెయ్యి చాపింది. రెండూ అరచేతిలో పెట్టాను. తిప్పి తిప్పి చూసింది.

"ఇంతేనా," అంది. "ఇయి నాకాడుంటయ్. నేను పొయ్యినాక మాయమ్మాయి తెచ్చి నీకిస్తది. అప్పుడు గొట్టుకో. అందాకా నా ఫోటోకి నువ్వు ఏ మేకూ గొట్టొద్దు. సరేనా?"

సరేనన్నాను. కొంగు చివర రెండూ మూటగట్టి బొడ్లో దోపుకుంది. లేచి ఎవరి చెయ్యీ పట్టుకోకుండా రోడ్డు దాటింది.

మధ్యాహ్నం ఆపరేషన్ గదిలోకి తీసుకెళ్ళేటప్పుడు చీర మార్పించారట. మేకులు కూతురికివ్వకుండా కండక్టరక్క చేతిలో పెట్టి, "వచ్చినాక ఇయ్యి," అందట. అక్క ఆ గుప్పిట అలాగే మూసుకుని వచ్చి అరుగు మీద నా పక్కన కూర్చుంది. పొద్దుట్నుంచి నాతో మాట్లాడలేదు. కూతురు లోపల తలుపు దగ్గర ఉంది. శెట్టిగారు వచ్చాడు, గుమాస్తా అంతా చెప్పాడు. నన్ను తిడతాడనుకున్నాను. ఆయన లెంపలేసుకుని, ఆసుపత్రి వైపు తిరిగి దణ్ణం పెట్టి, మా ఇద్దరికీ మజ్జిగ తెప్పించాడు. గ్లాసులు అరుగు మీదే ఉండిపోయాయి.

గంటన్నర అన్నారు. రెండున్నర గంటలైంది. గేటులోంచి ఎవరు బయటికొచ్చినా లేచి నిలబడి, మళ్ళీ కూర్చునేవాణ్ణి. అక్క చేతి వేళ్ళు తెల్లబడిపోయాయి.

"చెయ్యంతా చెమటలు. కాసేపు నువ్వు పట్టుకో," అని గుప్పిట నా వైపు చాపింది.

నేను చెయ్యి వెనక్కి లాక్కున్నాను. "నేను పట్టుకోను."

"ఏందీ?"

"నేను పట్టుకోనక్కా. ఆమె పొయ్యినాకే నాకియ్యాలంది. ఇప్పుడు నా చేతికొస్తే..." నాకు ఏడుపొచ్చింది. నలభై ఐదేళ్ళ మనిషిని, నడివీధిలో, పురుగుమందుల కొట్టు అరుగు మీద కూర్చుని ఏడ్చాను. అక్క నన్ను అలా చూసి, మేకులు రెండో చేతిలోకి మార్చుకుంది. తడి చెయ్యి చీరకు తుడుచుకుంది. మళ్ళీ ఒక గంటకు అలాగే మార్చుకుంది.

నాలుగు దాటాక కూతురు పరుగెత్తుకుంటూ గేటు దాకా వచ్చింది. ఆమె మొహం చూడకముందే కళ్ళు మూసుకున్నాను. "బాగానే అయిందంట! కళ్ళు దెరిసింది! మేకులేవే అంటంది!" అని అరిచింది. అక్క లేచి ఒక్క ఉదుటున రోడ్డు దాటింది. వస్తున్న ఆటోవాడు తిట్టాడు, వినిపించుకోలేదు.

ఆ ఫ్రేము అద్దం తీసేసి, ఫోటోను మళ్ళీ గొట్టంలో చుట్టి శెట్టిగారికే ఇచ్చాను. బీరువాలో పెట్టుకున్నాడు. సైటు ఫారంలో ‘ఇంకేమైనా చెప్పాలా?’ అన్న ఖాళీని చివర్నుంచి తీసి మొదట పెట్టాను. అందులో రాసింది పెద్ద కాగితం మీద ప్రింటు తీసి, కోత బల్ల ముందు గోడకు అంటించాకే పని మొదలుపెడతాను. కొట్టుకు ఎవరు ఫోటో తెచ్చినా, "ఉన్నారా?" అని ముందు అడుగుతాను. కొందరు కోప్పడతారు. కోప్పడనీ. మేకుల డబ్బా మూత బిగించి పైఅరలో పెట్టాను. స్టూలెక్కితే తప్ప అందదు.

అవ్వ ఆసుపత్రి నుంచి ఇంటికి పోయేరోజు ఆటోను మా కొట్టు ముందు ఆపించింది. దిగలేదు. నేను బయటికి పోతే, కొంగు ముడి పైకెత్తి నాకు చూపించి, మళ్ళీ బొడ్లో దోపుకుని, "పోనియ్యి," అంది ఆటోవాడితో.

కండక్టరక్క ఇప్పుడు నాతో మాట్లాడుతోంది. ఫోటోలూ పంపుతోంది. వారానికొకసారి బస్సు రాజుపాలెం దాటాక, అవ్వ కనపడిన రోజు, ఒకటే మాట మెసేజ్ పెడుతుంది: "ఉన్నయ్." ఆ మాట వచ్చిన రోజు మాత్రమే నాకు అన్నం సహిస్తుంది. ఒక్కో వారం రాదు. ఆ వారం కొట్లోకి ఏ ఆడమనిషి వచ్చినా నేను మొహం చూడను, ముందు ఆమె కొంగు చివర చూస్తాను.

ఆ రెండు మేకులూ ఇప్పటిదాకా నా దగ్గరికి రాలేదు. అందులో ఒకటి వంకరది. నేను ఉన్నన్నాళ్ళూ రాకపోతే బాగుండు.